కుట్టుమిషను బల్ల మీద పాటల సినిమా

మొదట బొమ్మ చేయకండి. స్టాప్ మోషన్, అంటే బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫోటో తీసి, వాటిని వరుసగా నడిపించి సినిమా చేయడం, అనగానే అందరి చేతులూ మట్టి వైపో, తీగ వైపో పోతాయి. బొమ్మకు చీర కట్టి, జడ అల్లి, పూలు పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని "ఇప్పుడు దీనితో ఏం ఆడిద్దాం?" అని ఆలోచిస్తారు. మామూలు కథకు అది చెల్లుతుందేమో. పాతకాలపు పాటల సినిమాల పద్ధతిలో ఒక నిమిషం చిత్రం తీయాలనుకుంటే మాత్రం చెల్లదు. పాట ముందు ఉండాలి. మనసులో కూనిరాగంగా ఉంటే చాలదు. రికార్డు చేసి, తాళం లెక్క కాగితం మీద పెట్టి ఉండాలి.

నాది నల్లగొండలో చిన్న దర్జీ దుకాణం. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుడతాను. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు, ఆషాఢంలో ఆర్డర్లు పలచబడినప్పుడు మిషను బల్ల మీద ఇలాంటి చిత్రాలు తీస్తుంటాను. అందుకే ఇక్కడ చెప్పే సామానులో సూదులు, గుండీలు, పీలికలు ఎక్కువ. మీ ఇంట్లో ఉన్నది వేరేది అయితే దాన్నే వాడుకోండి.

పోచంపల్లి నేతగాళ్లు మగ్గం దగ్గరికి పోకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో దారం మీద ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ పని కూడా అంతే. ఫోటోలు తీసే వేళకు ఆలోచించాల్సింది ఏమీ మిగలకూడదు.

పాట, దాని వేగం

పాత సినిమా పాటను ఉన్నదున్నట్టు తీసుకోవాలని ఎవరికైనా మనసవుతుంది. మన దేశపు చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1950లలో వచ్చిన రికార్డులకు ఆ గడువు తీరిపోయింది. కానీ సాహిత్యం, బాణీ వేరు. వాటి మీద హక్కు రాసినవారు, స్వరపరచినవారు పోయాక కూడా 60 ఏళ్లు నిలుస్తుంది. ఇంట్లో చూసుకోవడానికైతే ఫరవాలేదు కానీ, నలుగురికీ చూపించాలనుకుంటే సొంత పాట రాసుకోవడమే మేలు. ఎనిమిది పంక్తుల పాటకు మహాకవి కానక్కర్లేదు. నేను రాసుకున్న పల్లవి ఇది:

సూదిలో దారమా, చుట్టమై రావమ్మా
తెల్లారే లోపున రవిక తెమలాలమ్మా

కథ కూడా ఇందులోనే ఉంది. తెల్లవారితే పెళ్లి. పెళ్లికూతురి రవిక పూర్తి కాలేదు. దర్జీ పిల్ల మిషను మీద తల వాల్చి కునుకు తీస్తుంటే గుండీలు, దారపు రీళ్లు లేచి ఆడతాయి. ఆమె లేచి వాటితో కలుస్తుంది, రవిక పూర్తవుతుంది. నిమిషం పాటకు ఇంతకు మించిన కథ బరువవుతుంది. పాత పాటల్లో కూడా కథ జరిగేది తక్కువే. ఒక కోరికతో మొదలై, అది తీరడంతో ముగుస్తాయి. మీ పాత్రకు ఏం కావాలో పల్లవి మొదటి పంక్తిలోనే చెప్పించండి.

ఇక వేగం. మనం సెకనుకు 12 ఫోటోల లెక్కన తీస్తాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది; ఒక్కో ఫోటోను రెండు ఫ్రేముల పాటు నిలిపితే 12 సరిపోతాయి. అంటే నిమిషానికి 720 ఫోటోలు. ఈ 720ని పాట వేగంతో భాగించండి. నిమిషానికి 90 తాళపు దెబ్బలు పడే పాటైతే దెబ్బకు 8 ఫోటోలు వస్తాయి. 120 అయితే 6, 80 అయితే 9, 72 అయితే 10, 60 అయితే 12. శేషం లేకుండా భాగం పోయే వేగాలనే ఎంచుకోండి. 100 తీసుకుంటే దెబ్బకు 7.2 వస్తుంది. ఆ చిల్లర పోగుపడి రెండో చరణానికి వచ్చేసరికి కాలు ఒకచోట, మద్దెల ఒకచోట పడతాయి.

నాకు 90 నచ్చుతుంది. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 64 ఫోటోలు. మొదట వాద్యం ఒక ఆవర్తనం, పల్లవి రెండు, మధ్య వాద్యం రెండు, చరణం నాలుగు, మళ్లీ పల్లవి రెండు. మొత్తం పదకొండు ఆవర్తనాలు, 704 ఫోటోలు, 59 సెకన్లకు కాస్త తక్కువ. ఫోటోకు నిమిషం వేసుకున్నా దాదాపు 12 గంటల పని. ఈ లెక్క చూశాక కూడా ఉత్సాహం మిగిలిందంటే మీరు ఈ పనికి తగినవారే.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. చుట్టూ బట్టలు వేలాడే చోటు చాలు, గుడ్డ ప్రతిధ్వనిని మింగేస్తుంది. నా దుకాణంలో ఆ కరువు లేదు; మీరైతే తలుపులు తెరిచిన బీరువా ముందు, వెనకాల బొంత వేలాడదీసుకుని పాడండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 90 వేగంతో టక్ టక్ మనే రిథమ్ ట్రాక్ తయారు చేసుకోవచ్చు. దాన్ని చెవిలో పెట్టుకుని పాడితే వేగం అటూ ఇటూ పోదు. నా పాటలు పాడే మా మేనకోడలికి ఆ టక్ టక్ అంటే చిరాకు. "అత్తా, ఇది చెవిలో ఉంటే నాకు గమకం రాదు" అంటుంది. "గమకం ఎంత కావాలంటే అంత వేసుకో తల్లీ, దెబ్బ మాత్రం దాటకు" అని ఒప్పిస్తాను. వాద్యాలకు హార్మోనియం, కంజీర, గజ్జెలు చాలు. నేను కత్తెర చప్పుడు కూడా కలుపుతాను. లయకు అది బాగా అతుకుతుంది.

లెక్కల పుస్తకం

దుకాణంలో ఆర్డర్లు రాసుకునే పొడవాటి గీతల పుస్తకం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. వరుసకు ఒక ఫోటో. నిలువు గీతలు అయిదు: ఫోటో సంఖ్య, తాళంలో ఎన్నో దెబ్బ, ఏ అక్షరం, బొమ్మ ఏం చేస్తుంది, కెమెరా ఎక్కడ. ప్రతి ఎనిమిదో వరుస కింద ఎర్ర గీత గీయండి. అది దెబ్బ హద్దు.

అక్షరాల గడి నింపడమే ఇందులో అసలు కిటుకు. పాటను ఆడాసిటీలో తెరిచి, కొద్దికొద్దిగా వినిపించుకుంటూ, ఏ అక్షరం ఎక్కడ మొదలవుతోందో గుర్తులు పెట్టుకోండి. "సూదిలో దారమా" నాలుగు దెబ్బలు, అంటే 32 ఫోటోలు. మొదటి దెబ్బ ఎనిమిదింటిలోనూ "సూ". రెండో దెబ్బలో "ది"కి మూడు, "లో"కు అయిదు. మూడో దెబ్బలో "దా"కు నాలుగు, "ర"కు రెండు. మిగిలిన రెండింటిలో పెదవులు మూసి ఉంచాలి, ఎందుకంటే తర్వాత వచ్చేది "మా". పెదవులు ముందే కలిసి ఉంటేనే నాలుగో దెబ్బ మీద అవి విడిపోవడం కంటికి కనబడుతుంది. చాలామంది దెబ్బ మీద పెదవులు మూస్తారు. అప్పుడు బొమ్మ పాట వెనకాల పరుగెత్తుతున్నట్టు ఉంటుంది.

మన భాషలో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాడే బొమ్మకు తెలుగు సుఖం. మార్చి మార్చి అతికించే కాగితపు నోళ్లు ఆరు చాలు: మూసిన నోరు, కొద్దిగా తెరిచినది, ఆకారానికి బాగా తెరిచినది, ఈ-ఏలకు పక్కలకు సాగినది, ఊ-ఓలకు గుండ్రంగా సున్నా చుట్టినది, చివరగా చిరునవ్వు. "అమ్మ", "అప్ప" లాంటి ఒత్తుల దగ్గర మూసిన నోటిని రెండు మూడు ఫోటోల పాటు నిలపండి. ఒక్క ఫోటోతో సరిపెడితే కన్ను దాన్ని పట్టుకోదు. స్టాప్ మోషన్‌లో పేరున్న పాటల చిత్రం "ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్", 1993లో వచ్చింది. అందులో కథానాయకుడికి దాదాపు 400 తలలు చేశారు. వాళ్లకు డబ్బుంది. మనకు ఆరు కాగితపు నోళ్లున్నాయి.

ఆట గడిలో ఒక నియమం పాటించండి. అడుగు నేలను తాకే ఫోటో దెబ్బ కంటే ఒకటి ముందు ఉండాలి. లెక్క ప్రకారం సరిగ్గా దెబ్బ మీదే పెడితే కంటికి ఆలస్యంగా తోస్తుంది, ఒక ఫోటో ముందు పడితే అతికినట్టుంటుంది. కారణం అడిగితే శబ్దం, చూపు, మెదడు అని పెద్ద కథ చెబుతారు. మనకు ఫలితం చాలు.

బొమ్మ

ఎత్తు ఒక జానెడు, అంటే 22 సెంటీమీటర్లు. అంతకంటే చిన్నదైతే వేళ్లకు పట్టు దొరకదు, పెద్దదైతే బరువుకు వంగిపోతుంది. తలను అసలు కొలత కంటే కాస్త పెద్దగా, అరచేతులను మరికాస్త పెద్దగా చేయండి. పాటలో ముఖమూ చేతులే మాట్లాడతాయి.

ఎముకల గూటికి అల్యూమినియం తీగ కావాలి. బొమ్మల తయారీకంటూ అమ్మే తీగ మా దగ్గర దొరకదు. ప్రకాశం బజారులో కరెంటు సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా సర్వీసు వైరు దొరుకుతుంది, స్తంభం నుంచి ఇంటి మీటరుకు లాగేది. పైతొడుగు చీల్చితే లోపల మెత్తని అల్యూమినియం తీగ ఉంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రకం తెచ్చి, కాళ్లకు రెండు పోగులు మెలిపెట్టండి. చేతులకు అంతకంటే సన్నని పోగులు మెలిపెడితే సరి. రాగి తీగ వద్దు, నాలుగుసార్లు వంచేసరికి గట్టిపడి విరుగుతుంది. సెంట్రింగు పనిలో ఇనుప కడ్డీలు కట్టే బైండింగ్ వైరు చవకే కానీ, వంచిన చోట నిలవకుండా కొద్దిగా వెనక్కి వస్తుంది. ఆ కొద్దిపాటిదే నాట్యాన్ని చెడగొడుతుంది.

మోకాలు, మోచేయి, నడుము, మెడ తప్ప మిగిలిన చోట్ల తీగ చుట్టూ ఎం-సీల్ అద్దండి. అది ఎముకలా గట్టిపడుతుంది, వంపు కీలు దగ్గరే వస్తుంది. ఆ పైన ప్యాడెడ్ జాకెట్లలో పెట్టే పలచని స్పాంజిని పీలికలుగా కత్తిరించి చుట్టి, దారంతో బిగించండి. మణికట్టు, చీలమండ ఎప్పుడో ఒకప్పుడు విరుగుతాయి కాబట్టి చేతుల జత ఒకటి అదనంగా చేసిపెట్టుకోండి.

తలకు థర్మకోల్ బంతి మీద కాగితపు గుజ్జు పూసి, ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు వేయాలి. కళ్లకు స్టిక్కర్ బొట్లు! నల్లవి, చిన్నవి, నిమిషంలో అంటుకుంటాయి, నిమిషంలో ఊడతాయి. తెల్లని కంటిగుడ్డు మీద బొట్టును మిల్లీమీటరు పక్కకు జరిపితే చూపు మారిపోతుంది. రెప్ప వాల్చడానికి ముఖం రంగు వేసిన అర్ధచంద్రాకారపు కాగితం ముక్క చాలు. నోళ్లను కూడా అదే రంగు మందపాటి కాగితం మీద గీసి, కత్తిరించి, వెనక చిటికెడు తేనెమైనం పెట్టి అతికించండి. ముఖం మీద నోరు ఉండే చోట రెండు సన్నని చుక్కలు పెట్టుకుంటే ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది.

బట్టల గురించి చెప్పనివ్వండి, నా వృత్తి కదా. మనిషికి అందంగా ఉండే పెద్ద అంచులు, పెద్ద పువ్వులు జానెడు బొమ్మకు పనికిరావు. పెద్ద పోచంపల్లి డిజైను ముక్క కడితే బొమ్మ దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. నారాయణపేట నూలు చీరల చిన్న గళ్ల ముక్కలు బాగా కుదురుతాయి. పట్టు వద్దు. లైటు పడి ప్రతి ఫోటోలో ఒక్కో చోట మెరుస్తుంది.

అసలు బెడద ఇంకొకటుంది. మీరు చేయి కదపాలని బొమ్మను పట్టుకున్న ప్రతిసారీ చీర మడతలు మారతాయి. వరుసగా చూస్తే గుడ్డ తనంతట తాను ఉడుకుతున్నట్టు కుతకుతలాడుతుంది. విరుగుడు గంజి. సగ్గుబియ్యం గంజి చిక్కగా కాచి, ముక్కను ముంచి, బొమ్మకు చుట్టి, మడతలను గుండుసూదులతో నిలిపి, నీడలో ఆరనివ్వండి. కుచ్చిళ్ల అంచులో సన్నని తీగ దూర్చి కుట్టేస్తే, తిరిగినప్పుడు కుచ్చిళ్లు విచ్చుకోవడాన్ని కూడా మీరే వంచి చూపించవచ్చు. గుడ్డ లోపలి వైపు ఫెవికాల్ పలచగా పూసినా ఆగుతుంది కానీ, అది అట్టలా తయారవుతుంది. నాకు గంజే ఇష్టం.

పాదాలకు రెండేసి రంధ్రాలు ఉంచండి. నేలగా నోటీసు బోర్డుకు వాడే మెత్తని పలకను తీసుకుంటే, ఆ రంధ్రాల్లోంచి గుండుసూది గుచ్చి బొమ్మను ఒంటికాలి మీద కూడా నిలపవచ్చు. సూది తల పాదం రంగులో ఉండాలి.

వెన్నెల, నీడ

మా ఊరి పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం మీద పడే స్తంభాకారపు నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు, ఎందుకంటే వెలుగు నేరుగా లోపలికి రాదు. బయటి స్తంభాల మధ్య చెదిరి, పలు వైపుల నుంచి కలిసి వస్తుంది. మన ఇంటి కిటికీలకు ఆ కట్టడపు నేర్పు లేదు. ఉదయం పది గంటలకు మొదలుపెట్టిన షాటులో పదకొండింటికి నీడ జానెడు జరుగుతుంది, తెరమీద అది అయిదు సెకన్లలో పరుగెత్తుతుంది. కాబట్టి పగటి వెలుగును నమ్మకండి. రాత్రి తీయండి, లేదా కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి.

ఎల్‌ఈడీ బల్బులు మూడు కావాలి. వోల్టేజీ పడిపోయినా మంచి ఎల్‌ఈడీ వెలుగు పెద్దగా మారదు. పాత ఫిలమెంటు బల్బు ఎర్రబడుతుంది. మొదటి బల్బు ముందు తెల్లని లైనింగ్ గుడ్డ కట్టి బొమ్మకు ఒక పక్క నుంచి పెట్టండి. రెండోది ఇంకో పక్కన, దూరంగా, నీడలు మరీ నల్లబడకుండా. మూడోది బొమ్మ వెనక, పైనుంచి. నలుపు-తెలుపు రోజుల్లో నాయిక జుట్టు చుట్టూ వెలుగు అంచు మెరిసేది ఈ వెనక దీపం వల్లే. ఇది లేకపోతే మీ చిత్రం పాత పాటలా ఉండదు.

ఆకాశానికి నల్లని మందపాటి కాగితం తీసుకుని, సన్న సూదితో, దబ్బనంతో రంధ్రాలు చేసి, వెనక నుంచి దీపం పెడితే నక్షత్రాలు. గుండ్రంగా కత్తిరించిన రంధ్రానికి ట్రేసింగ్ పేపర్ అంటిస్తే చంద్రుడు. ఈ తెర బొమ్మకు కనీసం రెండడుగులు వెనక ఉండాలి, లేకపోతే బొమ్మ నీడ వెళ్లి చంద్రుడి మీద పడుతుంది.

నలుపు-తెలుపా, రంగులా? నా ఓటు నలుపు-తెలుపుకే. అతుకులు కనబడవు, మూడు బల్బుల వెలుగు రంగులు వేరువేరుగా ఉన్నా తెలియదు. కానీ గుడ్డలు ఎంచేటప్పుడు ఫోనును నలుపు-తెలుపులో పెట్టి చూడండి. కంటికి కొట్టొచ్చినట్టు వేరుగా కనబడే ఎరుపు, ఆకుపచ్చ రెండూ అక్కడ ఒకే బూడిద రంగులోకి దిగిపోవచ్చు. చీర, అంచు కలిసిపోతాయి. పసుపు, ముదురు నీలం జత భేషుగ్గా విడివిడిగా కనబడుతుంది.

గుండీల బృందం

పాత పాటల సినిమాకు బృంద నర్తకులు లేకపోతే ఎలా? పది బొమ్మలు చేయడం మాత్రం మన వల్ల కాదు. 1930లలో హాలీవుడ్‌లో బస్బీ బర్క్లీ అనే నృత్యదర్శకుడు కెమెరాను నర్తకుల నెత్తి మీదికి ఎత్తించి, వాళ్ల వలయాలు విచ్చుకోవడం, ముడుచుకోవడం పైనుంచి చూపించాడు. ఆ అందం మనకు కొత్తేమీ కాదు. సద్దుల బతుకమ్మ రోజు మేడ మీద నిలబడి కిందికి చూడండి: మధ్యలో పూల గోపురాలు, చుట్టూ వంగుతూ లేస్తూ తిరిగే వలయాలు. పైనుంచి చూసేటప్పుడు నర్తకులకు కాళ్లు అక్కర్లేదు, పడిపోతారన్న భయమూ లేదు. గుండీలు చాలు.

సన్నని కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, సగానికి సగం ఆరుసార్లు మడిచి విప్పితే 64 గీతలు వస్తాయి. అంబ్రెల్లా లంగా కత్తిరించేవారికి ఈ మడతలు నేర్పక్కర్లేదు. ఆ వృత్తాన్ని నేల మీద అంటించి, దానికంటే కాస్త చిన్న అట్టబిళ్లను మధ్యలో గుండుసూదితో గుచ్చండి. బిళ్ల మీద ఒకే రకం గుండీలు ఎనిమిది, సమాన దూరంలో అంటించండి. ఫోటోకు ఒక గీత చొప్పున తిప్పితే ఎనిమిది ఫోటోల్లో, అంటే సరిగ్గా ఒక దెబ్బలో, ప్రతి గుండీ పక్కదాని చోటికి చేరుతుంది. గుండీలన్నీ ఒకటే కాబట్టి తొమ్మిదో ఫోటో మొదటి ఫోటోలాగే ఉంటుంది. ఆ ఎనిమిదినే తిప్పి తిప్పి వాడుకుంటే ఆవర్తనమంతా నిండుతుంది. ఇంత చవకగా వచ్చే నాట్యం మరొకటి లేదు.

దాని మీద చిన్న బిళ్ల పెట్టి, పదహారు చిన్న గుండీలను ఎదురు దిక్కులో, ఫోటోకు అర గీత చొప్పున తిప్పండి. ఇవీ ఎనిమిది ఫోటోల్లోనే చోటు మారతాయి. జాగ్రత్త ఒక్కటే: ఏ వలయమైనా రెండు గుండీల మధ్య దూరంలో సగాన్ని ఒకే ఫోటోలో దాటకూడదు. దాటితే కన్ను పొరబడి, వలయం వెనక్కి తిరుగుతున్నట్టు చూస్తుంది. పాత సినిమాల్లో గుర్రపుబండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనబడేది ఇందుకే.

కెమెరాను పైన నిలపడానికి అలమారు మీద నుంచి బయటికి పొడుచుకు వచ్చేలా ఒక చెక్క పెట్టి, ఈ చివర ఫోను లెన్సు బయటికి ఉండేలా కట్టి, ఆ చివర బొగ్గుల ఇస్త్రీ పెట్టె బరువు పెట్టండి. అది కదలడం నేనెప్పుడూ చూడలేదు.

తీసే రాత్రి

ఫోనులో స్టాప్ మోషన్ స్టూడియో యాప్ ఉచిత రకం మొదటి చిత్రానికి సరిపోతుంది. ఫోకస్, వెలుగు, రంగు, మూడింటినీ తాళం వేసినట్టు స్థిరం చేయండి. ఫోను తన తెలివి ఉపయోగిస్తే ప్రతి ఫోటో ఒక్కో వెలుగులో వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు వేగం సెకనులో యాభయ్యో వంతు పెడితే బల్బుల మినుకు చారలు పడవు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, చార్జరు తగిలించండి. తెరమీద వేలితో నొక్కకండి, ఫోను వణుకుతుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ మీటతో చాలా ఫోన్లలో ఫోటో తీయవచ్చు.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కాతో బొమ్మ పక్కన నిలబడితే మీరూ ఒక దీపమే. ఫ్యాను ఆపాలి. మా నల్లగొండ ఎండాకాలంలో ఈ మాట చెప్పడానికి మనసు రాదు కానీ, ఫ్యాను గాలికి జడ ఊగితే ఆ ఫోటో పోయినట్టే.

కదలిక మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు చిన్న చిన్నగా, మధ్యలో పెద్దగా. చేయి పైకి లేవడానికి ఎనిమిది ఫోటోలుంటే రెండు మిల్లీమీటర్లు, నాలుగు, ఏడు, పది, పది, ఏడు, నాలుగు, రెండు. అన్నీ సమానంగా జరిపితే గడియారం ముల్లు అవుతుంది, చేయి కాదు. ఆగాక కూడా బొమ్మను పూర్తిగా బిగదీయకండి. ఒక రెప్పపాటో, జడ కొసలో చిన్న కదలికో ఉండాలి.

బొమ్మ ఎక్కడుందో మరిచిపోకుండా ఒక ఉపాయం: మట్టిముద్దలో అగరుబత్తి పుల్ల గుచ్చి, దాని కొన బొమ్మ ముక్కుకు ఆనేలా పెట్టండి. బొమ్మను కదిపి, పుల్ల నుంచి ఎంత జరిగిందో చూసుకుని, పుల్ల తీసేసి ఫోటో తీయండి. యాప్‌లో ముందు ఫోటో లీలగా కనబడే ఏర్పాటు ఉంది కానీ, నాకు పుల్ల మీదే గురి.

కెమెరా సంగతికొస్తే, ఆడేటప్పుడు తల నుంచి పాదం దాకా కనబడనివ్వండి. హాలీవుడ్ పాటల సినిమాల నర్తకుడు ఫ్రెడ్ అస్టైర్ తన నాట్యాన్ని అలాగే, నిండు మనిషిగా, వీలైనంత తక్కువ ముక్కలతో చూపించాలని పట్టుబట్టేవాడు. పాదాలు చూపించకుండా ముఖాలు, చేతులు ముక్కలుగా కోసి అతికిస్తే అది ఆటలా ఉండదు. మన చిత్రానికి నాలుగే షాట్లు: మొదటి వాద్యం, పల్లవి కలిపి దూరం నుంచి, మధ్య వాద్యంలో పైనుంచి గుండీలు, చరణంలో నడుము దాకా, నోళ్లు ఎక్కువగా మార్చేది ఇక్కడే, చివరి పల్లవి మళ్లీ దూరం నుంచి. మొదటి పల్లవిలో ఆమె వీపు కెమెరా వైపు ఉండనివ్వండి. చివరి పల్లవిలో గిర్రున తిరుగుతూ ఉంటుంది కాబట్టి నోరు రెండు మూడు చోట్ల అందితే చాలు. అప్పటికి మీ ఓపిక కూడా అంతే ఉంటుంది.

ఒక షాటును మధ్యలో ఆపి నిద్రపోకండి. తెల్లారేసరికి స్పాంజి కొంచెం కుంగుతుంది, గంజి కొంచెం మెత్తబడుతుంది, బల్లను ఎవరో ఒకరు తుడుస్తారు. ఆపాలంటే షాటు చివర ఆపండి.

కూర్పు

ఇక్కడ పని తక్కువ, లెక్క ముందే వేశాం కాబట్టి. కంప్యూటరుంటే డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. టైమ్‌లైన్‌ను మొదటే 24కు పెట్టి, ఒక్కో ఫోటోను రెండు ఫ్రేముల పాటు ఉంచండి. ఫోనులో చేసేవారు యాప్ నుంచే సెకనుకు 12 లెక్కన వీడియో తీసుకుని, ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో పాటను కింద పరిస్తే సరి. పాట ఒక ఫ్రేము ముందుకో వెనక్కో జరిపి చూసి, బాగున్న చోట వదిలేయండి.

పాట ఒక్కటే వినిపిస్తే బొమ్మ గాలిలో ఆడుతున్నట్టుంటుంది. అడుగు పడిన చోట గజ్జె, గుండీలు తిరిగినప్పుడు స్టీలు పళ్లెంలో గుండీల గలగల, చివరలో మిషను చప్పుడు, ఇవన్నీ విడిగా రికార్డు చేసి చాలా తక్కువ స్థాయిలో కలపండి. పేర్లకు నల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కాడ కుట్టు కుట్టి ఫోటో తీయండి. పాడినవారి పేరు, వాయించినవారి పేరు ముందు. మీ పేరు చివర.

బంధువులకు పంపేటప్పుడు ఫోను సందేశాల్లో వీడియోగా కాకుండా ఫైలుగా, డాక్యుమెంటుగా పంపండి. వీడియోగా పంపితే కుదించుకుపోయి నక్షత్రాలన్నీ మాయమవుతాయి. ఫోటోలను మాత్రం చెరిపేయకండి. గుండీల వలయాలు ఇంకో పాటకు పనికొస్తాయి, దాని వేగం కూడా 90 అయితే.